మనుషుల లెక్క

ఉల్లిపాయలు చక్రాలుగా కోసి పళ్ళెంలో పేరుస్తున్నాను. కిటికీ అవతల, వెనక వరండాలో ముగ్గురు మగవాళ్ళు బార్బెక్యూ పొయ్యి చుట్టూ నిలబడి ఒక కంపెనీ జాతకం తేలుస్తున్నారు.

"నోల్, సాస్ ఏదీ?" అని కేకేశాడు మా ఆయన కెల్విన్.

ఇంకో సీసా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మొదటి సీసా అతని మోచేతి దగ్గరే, నేను పెట్టిన చోటే ఉంది. ఎవరూ తలెత్తలేదు.

"షేరు ఇంతకంటే పెరగదు, రాసిపెట్టుకోండి," అంటున్నాడు డెస్. మందుల షాపు అమ్మేసి, ఇప్పుడు రోజంతా షేర్ల తెర ముందు కూర్చునే మనిషి. "కంపెనీని కొంటామన్నవాళ్ళు రెట్టింపు ధర ఇస్తామంటున్నారు. దణ్ణం పెట్టి తీసుకోవాలి."

"పెరగదని క్రిస్మస్ నాడే చెప్పాను. అప్పుడు నన్ను పిరికివాడన్నావు," అన్నాడు వారిక్. రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. పైనుంచి కిందికి చూసి మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు.

"నువ్వు పెరగదన్నవన్నీ పెరిగాయిరా," అన్నాడు కెల్విన్. "నా పొట్టతో సహా."

ముగ్గురూ పగలబడి నవ్వారు.

ఆ కంపెనీ పేరు బెల్టాలా. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, మా టౌన్స్‌విల్ రేవు పక్కనే ఒక రేకుల షెడ్డు. సముద్రంలోకి దించితే చెవి పెట్టి వినే యంత్రం తయారుచేస్తారు. వీళ్ళు ఆ కంపెనీ గురించి మాట్లాడని శనివారం లేదు. దాని దగ్గర ఎంత నగదు మిగిలిందో, పెద్దాయన జీతం ఎంతో, కొత్త షేర్లు ఎప్పుడు అచ్చేస్తారో అన్నీ తెలుసు. పెట్టుబడిదారుల వెబ్‌సైటులో కెల్విన్ దొంగ పేరుతో పేజీలకు పేజీలు రాస్తాడు. ఎవరైనా కాదంటే అన్నం మానేస్తాడు. కానీ ఆ యంత్రాన్ని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు. షెడ్డు మా ఇంటికి అరగంట దూరం.

"కొనేవాళ్ళకి ఆ యంత్రం అక్కర్లేదు," అన్నాడు వారిక్ సాసేజ్ తిప్పుతూ. "దాన్లో ఉన్న కిటుకు కావాలి. ఓడరేవుల కాపలాకి వాడుకుంటారు. పగడపు దిబ్బల పని మూసేస్తారు. వాళ్ళ కాగితాల్లోనే ఉంది."

"మూసుకోనీ," అన్నాడు డెస్.

"డబ్బు నా చేతిలో పడ్డాక ఆ షెడ్డులో కోళ్ళు పెంచుకున్నా నాకనవసరం," అన్నాడు కెల్విన్. "కారవాన్ కొంటాను, కారు వెనక కట్టుకుని లాక్కెళ్ళే ఇల్లు. నేనూ నోల్ దేశమంతా చుట్టేసి వస్తాం. ఏం నోల్?"

కారవాన్ అంటే ఇంకా చిన్న వంటిల్లు. పైకి అనలేదు. లోపలికి వచ్చేశాను.

వంటింట్లో ఇవోన్, షెరిల్ ఉన్నారు. ఇవోన్ డెస్ భార్య, షెరిల్ వారిక్ భార్య. మా ఊళ్ళో పిలుపంటే 'ఒక పళ్ళెం పట్టుకు రండి' అనే. ఆడవాళ్ళు పళ్ళెం తెస్తారు, మగవాళ్ళు బీరు తెస్తారు. ఇవోన్ గుడ్డు శాండ్‌విచ్‌లు తెచ్చింది. షెరిల్ పావ్లోవా అనే తీపి కేకు తెచ్చింది. నిన్న సాయంత్రం నుంచీ దానికోసం గుడ్ల తెల్లసొన గిలకొట్టి ఉంటుంది. ఇంకాసేపట్లో వారిక్ దాన్ని నాలుగు చెంచాల్లో ముగించి, "తీపి కాస్త ఎక్కువైందే," అంటాడు. పోయినసారీ అదే అన్నాడు.

ఈ కథలో ఒక చిన్న సంగతి ఉంది. ముగ్గురు మొగుళ్ళూ దాన్ని పూర్తిగా మరిచిపోయారు.

ఆ షేర్లు వాళ్ళవి కావు. మావి.

ఇందులో ప్రేమా లేదు, ఔదార్యమూ లేదు. నేను హైస్కూలు ఆఫీసులో వారానికి మూడు రోజులు పనిచేస్తాను. అటెండెన్సు, పిల్లల దెబ్బలకి పట్టీలు, ప్రిన్సిపాల్‌గారి భార్య పుట్టినరోజుకి పూలు, అన్నీ నా మీదే. "నోలీన్ ఉందిగా," అంటారాయన, గోడకి మేకు ఉందిగా అన్నట్టు. జీతం చిన్నది, పన్నూ చిన్నదే. కెల్విన్‌కి విద్యుత్ బోర్డులో పెద్ద జీతం. లాభం అతని పేరున వస్తే పన్ను వాత పడుతుంది. అందుకని మా బల్ల దగ్గర కూర్చునే మగవాళ్ళందరూ చేసిన పనే చేశాడు, షేర్లు భార్య పేరున కొన్నాడు. "ఇక్కడ సంతకం పెట్టు. నీది ఉత్త పేరే, ఏం కంగారు పడకు," అన్నాడు. నేనేం కంగారు పడలేదు. మా అత్తగారు డోరిస్ అప్పుడు అక్కడే టీ తాగుతోంది. "మా వాడికి లెక్కలు తెలుసు, నీకు కేకులు తెలుసు. ఎవరి పని వాళ్ళది, అమ్మాయ్," అంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు, మొగుడు లేవకముందే, చప్పుడు కాకుండా గిన్నెలు కడగాలని నేర్పింది కూడా ఆవిడే. ఆ విద్య నాకు బాగా అబ్బింది. మా ఇంట్లో పనంతా దానంతటదే జరిగిపోతుందని కెల్విన్ ఇప్పటికీ నమ్ముతాడు. బట్టలు వాటంతటవే ఉతుక్కుని మడతపడి బీరువాలోకి నడిచి వెళ్తాయి. నేను అలిసిపోయానంటే, "దేనికి?" అని నిజంగానే ఆశ్చర్యపోతాడు. వెక్కిరింపు కాదది. వెక్కిరింపైతే ఎదురు చెప్పేదాన్ని.

ఆ వారం బెల్టాలా నుంచి ఆహ్వానం వచ్చింది. ఆఫర్ మీద ఓటింగుకి ముందు వాటాదారులు వచ్చి పని చూడవచ్చు, పడవ మీద సముద్రంలోకి తీసుకెళ్తారు. నోలీన్ పాస్కో గారికి, అని ఉంది.

"షెడ్డు వాళ్ళు టీ, బిస్కెట్లు ఇచ్చి ఏడుస్తారు, అమ్మొద్దని," అన్నాడు కెల్విన్. "నాకు క్లబ్బులో బౌల్స్ ఆట ఉంది. నువ్వెళ్ళు. నీ పేరే కదా!" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

వెళ్ళాను.

పడవ దగ్గర కంపెనీ ఇంజనీరు ఎదురొచ్చింది. పేరు ఈడా మోస్బీ. మాకు ఉత్తరాన ఉన్న టోరెస్ దీవుల అమ్మాయి. చెప్పుల్లేకుండా పడవ అంచు మీద నడిచేస్తోంది. వాటాదారులు పది పదిహేనుమందైనా వస్తారనుకుందట. నేనూ, ఒక ముసలి జంటా వచ్చాం. ఆ జంట కాసేపటికే కళ్ళు తిరిగి కింద గదిలో పడుకున్నారు.

"మిగిలింది మీరొక్కరే ఆంటీ," అంది ఈడా. "కంపెనీ భవిష్యత్తు మీ చేతిలో ఉంది."

"నా చేతిలో శాండ్‌విచ్ ఉంది," అన్నాను. పడవ కుదిపేసేలా నవ్వింది.

యంత్రం చూస్తే టీ ఫ్లాస్కంత ఉంది. ఇదా, ఇన్ని శనివారాలు వీళ్ళు కొట్టుకు చచ్చింది! తాడు కట్టి నీళ్ళలోకి దించింది. నా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది.

"ఏం వినిపిస్తోంది?"

"ఏం లేదు. పని చెయ్యట్లేదేమో."

"పని చేస్తోంది. కింద పగడపు దిబ్బ చచ్చిపోయింది. వేడికి తెల్లబడిపోయింది. చచ్చిన చోట చప్పుడు ఉండదు."

ఇంకో చోటికి పోనిచ్చింది. మళ్ళీ దించింది.

ఒక్కసారి ఉలిక్కిపడి రెండు చేతులతో చెవులు పట్టుకున్నాను. లోకంలో ఉన్న పొయ్యిలన్నిటి మీదా ఎవరో ఒకేసారి మూకుళ్ళు పెట్టినట్టు, నూనె కాగి చిటపటలాడుతున్నట్టు, వేలు, లక్షల చిటపటలు! రొయ్యలు తమ గోళ్ళతో చిటికెలు వేస్తున్నాయట. దాని వెనక చేపల గురక, ఏదో గీకుతున్న చప్పుడు, తలుపు మీద కొట్టినట్టు ఒకటే దరువు. వాటన్నిటికీ అవతల, ఎంత దూరంలోనో, ఒక తిమింగలం పాడుతోంది. ఆ గొంతు నా చెవికి కాదు, పక్కటెముకలకి వినిపించింది. నేను ఈ తీరంలోనే పుట్టాను. ఈ నీళ్ళలోనే ఈత నేర్చుకున్నాను. సముద్రం అడుగున నిశ్శబ్దంగా ఉంటుందని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను. నా కాళ్ళ కింద ఇంత పెద్ద ఊరు, ఇంత రద్దీగా, పగలూ రాత్రీ పని చేసుకుంటూ ఉందని ఎవరూ చెప్పలేదు. అంత పని చేస్తూ అంత చప్పుడు చేస్తున్నారు! ఎవరి నిద్రా చెడుతుందని వాళ్ళకి భయం లేదు.

ఏడుస్తున్నానని ఈడా టిష్యూ ఇచ్చేదాకా తెలియలేదు.

"అందరూ ఇక్కడే ఏడుస్తారు," అంది. "కానీ అసలు సంగతి మూడో చోట ఉంది."

మూడోది కూడా చచ్చిన దిబ్బే. రెండు చలికాలాలుగా దాని అడుగున ఒక స్పీకరు పెట్టి, బతికి ఉన్న దిబ్బ చప్పుడు వినిపిస్తున్నారట. చేపపిల్లలు సముద్రంలో చెవి పెట్టి వింటూ తిరుగుతాయి. ఎక్కడ సందడి ఉంటే అక్కడ కాపురం పెడతాయి. ఈడా ఒక మీట నొక్కింది. "స్పీకరు ఆపేశాను. ఇప్పుడు వినండి."

ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. నా గుండె చప్పుడే నాకు వినిపిస్తోంది.

చిట్.

హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకున్నాను. మళ్ళీ, కాస్త ఎడంగా, చిట్. తర్వాత రెండు. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న గురక.

"అది స్పీకరు కాదు ఆంటీ," అంది ఈడా గుసగుసగా, గట్టిగా మాట్లాడితే అవి వెళ్ళిపోతాయన్నట్టు. "కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు."

తిరిగి వస్తున్నప్పుడు అడిగాను. "కంపెనీ అమ్ముడైతే ఈ స్పీకరు ఏమవుతుంది?"

"పైకి తీసేస్తాం. ఆర్డరు వచ్చేస్తుంది."

"ఆపడానికి దారే లేదా? పెద్ద పెద్ద వాటాలున్న వాళ్ళంతా అమ్ముతారటగా."

"రెండు లెక్కలు చూస్తారు," అంది ఈడా. "ఒకటి వాటాల లెక్క. దాంట్లో వాళ్ళే నెగ్గుతారు. రెండోది మనుషుల లెక్క. ఓటేసిన మనుషుల్లో సగం కంటే ఎక్కువమంది సరే అనాలి. అక్కడ ఎన్ని షేర్లున్నా చూడరు. కోటి ఉన్నా ఒక మనిషే, వంద ఉన్నా ఒక మనిషే."

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది. ఒక మనిషి. ఇంట్లో, స్కూల్లో, ఓ కుర్చీలా, ఓ మేకులా ఉన్నదాన్ని, ఎక్కడో ఒక చట్టంలో, నన్ను ఎప్పుడూ చూడని వాళ్ళు, ఒక మనిషిగా లెక్కవేసి ఉంచారు. కెల్విన్‌తో సమానంగా కాదు. కెల్విన్ ఆ లెక్కలోనే లేడు.

"ఏముందేంటి అక్కడ?" అన్నాడు కెల్విన్.

"చప్పుడు."

"చప్పుడుకి రెట్టింపు ధర ఇస్తున్నారంటే వాళ్ళ పిచ్చి, మన అదృష్టం," అని మళ్ళీ వెబ్‌సైటులోకి తల దూర్చాడు.

తర్వాతి శనివారం వరండాలో గొంతులు లేచాయి. మనుషుల లెక్క సంగతి వాళ్ళకీ తెలిసింది. చిన్న వాటాదారులు కొందరు అడ్డం తిరుగుతున్నారట.

"వందేసి షేర్లున్న బికార్లు మన నోటి దగ్గర కూడు లాగేస్తారా?" అన్నాడు డెస్.

"మనమూ తలలు లెక్కపెట్టి పంపిద్దాం," అన్నాడు వారిక్. "ఆడవాళ్ళనీ తీసుకెళ్దాం. భోజనం కూడా పెడతారట."

"మా ఆవిడ ఓటు ఎప్పుడూ నేనే కంప్యూటర్లో నొక్కేస్తాను," అన్నాడు కెల్విన్. "సరే, ఈసారి అందరం వెళ్దాం. హాలు నిండుగా ఉంటే వాళ్ళకి భయం."

వంటింట్లో నేను ఫోన్ తీశాను. ఈడా రెండో చోటి చప్పుడు పంపింది. బల్ల మీద పెట్టి వినిపించాను.

"ఎవరో బేకన్ మాడబెడుతున్నారు," అంది షెరిల్.

"అది దిబ్బ," అన్నాను. మొత్తం చెప్పాను. మూడో చోటు గురించి చెప్పాను. మనుషుల లెక్క గురించి చెప్పాను.

ఇవోన్ చెయ్యి తుడుచుకుని ఫోన్‌ని చెవికి ఆనించుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"మరి డెస్‌కి తెలిస్తే?" అంది చివరికి.

"ఏం చెయ్యమని నేను చెప్పట్లేదు, ఇవోన్. నేనింకా తేల్చుకోలేదు."

అది నిజమే. కారవాన్ కెల్విన్ కల. నలభై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కి ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి. చెడ్డవాడు కాదు. రేపు నేను వద్దంటే, ఆ ధర పడిపోతే, ఆ మొహం రోజూ చూడాల్సింది నేనే. ఈ వయసులో ఇంట్లో ప్రశాంతత పోగొట్టుకోవడం చిన్న విషయమా? సముద్రం అడుగున ఒక గురక కోసమా? గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. బట్టలు ఆరేస్తూ ఆలోచించాను. ఇంట్లో ఉన్నది ప్రశాంతతా, లేక నేను మాట్లాడకపోవడమా అన్న దగ్గరికి వచ్చి ప్రతిసారీ ఆగిపోయాను.

ఓటింగు రోజున స్ట్రాండ్ రోడ్డులో హోటల్ హాలుకి ఆరుగురం వెళ్ళాం. కెల్విన్ టై కట్టాడు. ముందు నడిచి, వాకిట్లో బల్ల వెనక కూర్చున్న అమ్మాయితో, "కెల్విన్ పాస్కో," అన్నాడు.

ఆ అమ్మాయి తెర మీద వెతికింది. మళ్ళీ వెతికింది. "సారీ సర్, ఆ పేరు లేదు. నోలీన్ పాస్కో గారున్నారు."

"అదే, మా ఆవిడ. షేర్లు నావే."

"ఆవిడకి పసుపు కార్డు, ఓటుకి. మీకు ఈ స్టిక్కరు."

స్టిక్కరు మీద 'సందర్శకుడు' అని ఉంది.

"అమ్మాయ్, ఈ కంపెనీ గురించి నాకు తెలిసినంత ఆ లోపలున్న వాళ్ళకి కూడా తెలీదు!"

"అయ్యుండొచ్చు సర్. సందర్శకులు వెనక వరసల్లో కూర్చోవాలి. మాట్లాడకూడదు."

వెనక డెస్ కూడా అదే బల్ల దగ్గర అదే వాదన మొదలుపెట్టాడు. వారిక్ మాట్లాడకుండా స్టిక్కరు అతికించుకున్నాడు.

లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాను. ఆ దృశ్యం నేను చచ్చేదాకా మరిచిపోను. ముందు వరసలు. ఒక వరస కాదు, చాలా వరసలు. అన్నీ ఆడవాళ్ళే. నెరిసిన జుట్లు, పూల గౌన్లు, ఒళ్ళో చేతిసంచీలు, చేతుల్లో పసుపు కార్డులు. వెనక వరసల్లో టైలు కట్టుకుని, ఛాతీ మీద స్టిక్కర్లు పెట్టుకుని, మొగుళ్ళు. మా వరండా ఒక్కటే అనుకున్నాను. ఈ తీరమంతా, ఎన్ని ఇళ్ళల్లో, ఎన్ని బల్లల మీద 'నీది ఉత్త పేరే' అని సంతకాలు పెట్టించుకున్నారో! ఆ ఉత్త పేర్లన్నీ ఇవాళ ఒళ్ళు తొడుక్కుని వచ్చి కూర్చున్నాయి. మాలో చాలామందికి ఆ సంగతి అప్పుడే తెలుస్తోంది. ఒకరి కార్డు ఒకరు చూసుకుంటున్నాం. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస నుంచి వరసకి పాకింది.

ఛైర్మన్ ఆఫర్ గురించి చాలాసేపు చెప్పాడు. మంచి ధర అన్నాడు. బోర్డు ఏకగ్రీవం అన్నాడు. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు, ఉండవన్న ధీమాతో.

వెనక నుంచి కెల్విన్ లేచాడు. "ఒక్క మాట. ఈ ఆఫర్‌ని కాదనేవాళ్ళు..."

"క్షమించాలి. సందర్శకులకి అవకాశం లేదు."

కెల్విన్ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం వినిపించింది నాకు.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు. పసుపు కార్డు గాలిలో ఉంది. ఎవరో మైకు తెచ్చి ఇచ్చారు.

"మీ పేరు? ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?" అన్నాడు ఛైర్మన్. అందరినీ అడిగే ప్రశ్నే.

"నోలీన్ పాస్కో," అన్నాను. "నా తరఫున."

మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"మూడో చోట మీరొక స్పీకరు పెట్టారు. అక్కడికి జీవాలు రావడం మొదలైంది. నేను విన్నాను. ఈ అమ్మకం జరిగితే ఆ స్పీకరు ఆపేస్తారు. దాని మీట నొక్కేది ఎవరు? నాకు పేరు కావాలి."

ఛైర్మన్ పక్కనున్న లాయరు వైపు చూశాడు. లాయరు కాగితాల వైపు చూశాడు. "అది... నిర్వహణకి సంబంధించిన విషయం," అన్నాడు ఛైర్మన్.

"అంటే ఎవరో ఒకరు నొక్కుతారు. ఎవరో మీకు తెలియదు."

కూర్చున్నాను. రెండు వరసల ముందు నుంచి ఒక ముసలావిడ వెనక్కి తిరిగి, "నిజంగా విన్నావా అమ్మా? ఎలా ఉంది?" అని అడిగింది. నాకు చేతనైనట్టు నోటితో ఆ చిటపట చేసి చూపించాను. హాల్లో ఒక్కరూ నవ్వలేదు.

కార్డు మీద 'వ్యతిరేకం' గడిలో గీత పెట్టి డబ్బాలో వేశాను. ఇవోన్ తన కార్డుని చెయ్యి అడ్డం పెట్టుకుని నింపింది. షెరిల్ ఏం రాసిందో నేను చూడలేదు. చూడకూడదు కూడా.

లెక్కపెట్టడం చాలాసేపు పట్టింది. ఛైర్మన్ వచ్చి కాగితం విప్పి చదివాడు. వాటాల లెక్కలో ఆఫర్ నెగ్గింది, భారీగా. మనుషుల లెక్కలో ఓడిపోయింది. అమ్మకం రద్దు.

గోడ దగ్గర నిలబడ్డ ఈడా మోస్బీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

వెనక వరసలు ఒక్క పెట్టున లేచాయి. మగవాళ్ళందరూ కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ ముందుకి వచ్చారు. నా చుట్టూ, హాలు నిండా, ఒకటే ప్రశ్న వినిపిస్తోంది. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు, చెమటలు తుడుచుకుంటున్నవాళ్ళు, అందరూ తమ భార్యల మొహంలోకి చూస్తూ అదే అడుగుతున్నారు. డెస్ ఇవోన్‌ని అడుగుతున్నాడు. వారిక్ షెరిల్‌ని అడుగుతున్నాడు. వాళ్ళ కళ్ళల్లో కోపం ఉంది, సందేహం ఉంది. వాటి కింద నేనెప్పుడూ చూడనిది ఇంకొకటి ఉంది. అవతలి మనిషి ఏమనుకుంటోందో నిజంగా తెలియనప్పుడు మాత్రమే మొహంలో కనిపించేది.

కెల్విన్ నా ముందుకి వచ్చి ఆగాడు. టై పక్కకి తిరిగిపోయింది.

"నువ్వు... నువ్వెటు వేశావ్, నోల్?"

ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆ సంగతి అతనికి తట్టలేదు.

"వద్దని వేశాను," అన్నాను.

"ఎందుకు?"

హాలు చూశాను. ఇంత గోలలో చెప్పే విషయం కాదది.

"ఇంటికెళ్ళాక చెప్తాను. నువ్వు టీ పెట్టు. నేను కూర్చుని మొదటి నుంచీ చెప్తాను. మధ్యలో మాట్లాడకుండా వినాలి, కెల్విన్. అయ్యేదాకా వినాలి."